ఆ చివరి మాట నాది

ఆదివారం పొద్దున్న భూషణం మాస్టారి గొంతు పూర్తిగా పూడుకుపోయింది.

పోర్ట్ బ్లెయిర్‌లో, గోల్ ఘర్‌లోని తెలుగు సంఘం హాల్లో అప్పటికే కుర్చీలు వేసేశారు. మైకు సరిచూసేశారు. బ్రూక్షాబాద్ నుంచి ఆడవాళ్లు బస్సు దిగి గుంపులుగా వచ్చేస్తున్నారు. శ్రీలంక నుంచి దీవులు చూడడానికి వచ్చిన బౌద్ధ భిక్షుణి సుమేధ గారు ఇంగ్లీషులో మాట్లాడతారు, రిటైరైన మాస్టారు ఆవిడ మాటల్ని ఎప్పటికప్పుడు తెలుగులో చెబుతారు. ఏర్పాటు అది. తీరా ఇప్పుడు ఆయన నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావటం లేదు.

"హిందీలో చెప్పించేద్దాం మాస్టారూ. హిందీ రానివాళ్లు ఎవరున్నారిక్కడ?" అన్నాడు సంఘం కార్యదర్శి వాసుదేవ్.

మాస్టారు తల అడ్డంగా ఊపాడు. "హిందీ బజారుకి సరిపోతుంది. ఈ మాటలు లోపలికి దిగాలంటే తెలుగే కావాలి," అని గుసగుసగా అని, వెనక వరసలో అత్తగారికి కుర్చీ సర్దుతున్న కళ వైపు వేలు చూపించాడు.

కళ వాసుదేవ్ భార్య. హైస్కూల్లో బయాలజీ టీచరు.

"కళా? అరే, తనెందుకు మాస్టారూ! ఇంతమందిని చూస్తే బెదిరిపోతుంది. ఏదో ఒకటి నేను చూసుకుంటాను."

"నేను చెప్తాను," అంది కళ.

అన్న తర్వాత ఆమే ఉలిక్కిపడింది. వాసుదేవ్ ఆమెని వింతగా చూశాడు. ముందు వరసలో కూర్చున్న వాళ్ల కూతురు పింకీ, "మమ్మీ, కమాన్!" అని రెండు చేతులూ పైకెత్తింది. భిక్షుణి గారి కారు అప్పుడే గేటు దగ్గర ఆగింది. ఇక ఆలోచించే వ్యవధి ఎవరికీ లేకపోయింది.

వాసుదేవ్ చెడ్డవాడు కాదు. పోర్టు ఆఫీసులో ఉద్యోగం, తాగుడు లేదు, కోపం తక్కువ. "నేను చూసుకుంటాను" అన్నది ఆయన ఊతపదం. కళకి తలనొప్పి వస్తే మాత్ర ఆయనే తెచ్చేవాడు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో, ఎప్పుడు సెలవు పెట్టాలో, ఏ చీర కట్టుకుంటే బాగుంటుందో కూడా ఆయనే చెప్పేవాడు. ఊళ్లో ఆడవాళ్లు "నీ మొగుడు బంగారం" అనేవారు. కళ కూడా అవుననే అనుకునేది.

ఈమధ్యనే ఆ అనుకోవటానికి చిన్న పగులు పడింది. నీల్ ఐలాండ్‌లో పగడాల మీద పరిశోధన చేసే ఒక బృందం, దీవుల్లోని టీచర్లు కొందరికి డైవింగ్ నేర్పించాలని అనుకుంది. నేర్చుకున్న వాళ్లు తర్వాత తమ పిల్లలకి సముద్రం గురించి చెప్పాలి. ఎంపికైన వాళ్లలో కళ పేరుంది. ఆ కబురుతో ఫోన్ వచ్చినప్పుడు ఆమె స్నానానికి వెళ్లింది. ఫోన్ ఎత్తిన వాసుదేవ్, "తనకి ఒంట్లో అంత బాగుండదండీ, కుదరదు," అని చెప్పేశాడు. కళకి ఆ సంగతి స్కూల్లో ఎవరో చెబితే తెలిసింది. ఇంటికొచ్చి అడిగితే, "నీ మంచికే కదా," అన్నాడు. ఆమె వెళ్లి ఉల్లిపాయలు తరిగింది.

మత్స్యకారుల ఇంట పుట్టిన పిల్ల అయినా, మోకాలి లోతు దాటి ఆమె ఏనాడూ సముద్రంలోకి దిగలేదు. పడవలు మగవాళ్లవి. ఏటా పిల్లలకి నల్లబల్ల మీద సుద్దముక్కతో పగడపు దిబ్బ బొమ్మ గీసి పాఠం చెబుతుంది. అసలు పగడాలేమో పక్క దీవి నీళ్ల కింద రంగురంగులుగా బతికే ఉన్నాయి.

ఇప్పుడు ఆమె వేదిక మీద మైకు పట్టుకుని నిలబడింది. పక్కన సుమేధ గారు, పొట్టి మనిషి, గుండు, కాషాయ వస్త్రాలు, కళ్లద్దాల వెనక చురుకైన కళ్లు. కళ అత్తగారు తవిటమ్మ, పక్కింటి గవరమ్మ చెవిలో వేసిన మాట సగం హాలుకి వినబడింది. "ఒలే, ఈవిడికి పెళ్లయినాదట! పిల్లలు గూడా ఉన్నారట!"

మొదట అందరూ పంచశీలాలు పలికారు. ప్రాణం తీయను, ఇవ్వనిది తీసుకోను, తప్పు నడత నడవను, అబద్ధమాడను, మత్తులో పడను. కళ ముందు చెప్పటం, హాలంతా వెనక అనటం. నాలుగోది వచ్చేసరికి ఆమె గొంతు వణుకు తగ్గింది. ఐదోది అయ్యేసరికి పూర్తిగా కుదురుకుంది.

సుమేధ గారు మొదలుపెట్టారు. కళ తెలుగులో అందుకుంది.

"నేను బ్యాంకులో పనిచేశాను. ఇద్దరు పిల్లల్ని పెంచాను. నా భర్త మంచివాడు. అయినా ఇంట్లో నేను కాసేపు కూర్చుంటే చాలు, ఎవరికో ఒకరికి ఏదో ఒకటి కావలసి వచ్చేది."

హాల్లో ఆడవాళ్లందరూ ఒక్కసారి కదిలారు. 'నేను' అంటున్నది కళ నోరు. ఎదురుగా కూర్చున్న వాసుదేవ్ కుర్చీలో సర్దుకున్నాడు.

"పిల్లలు స్థిరపడ్డాక ఆయన ఒప్పుకునే నేను భిక్షుణినయ్యాను. ఇప్పుడు ఆయనే వండుకుని, పౌర్ణమి పౌర్ణమికీ మా ఆరామానికి వచ్చి నాకు భిక్ష పెడతాడు. పప్పులో ఉప్పు ఎక్కువవుతుంది. భిక్షుణికి రుచి అడిగే హక్కు లేదు కాబట్టి తినేస్తాను."

హాలు ఘొల్లుమంది. తవిటమ్మ నవ్వలేక పొట్ట పట్టుకుంది.

"మిమ్మల్నెవర్నీ గుండు చేయించుకోమని చెప్పటానికి రాలేదు. భయపడకండి. బుద్ధుడు సంసారుల కోసం కూడా చాలా చెప్పాడు. ఒక గృహస్థుకి ఆయన, భర్త భార్యకి చెయ్యవలసినవి ఐదు చెప్పాడు. గౌరవించాలి. చులకనగా మాట్లాడకూడదు. నమ్మకం తప్పకూడదు. ఇంట్లో అధికారం ఆమె చేతికివ్వాలి. అలంకారాలు సమకూర్చాలి."

చివరిదానికి ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. గవరమ్మ మాత్రం లేచి, "ఏ అధికారమమ్మా? గరిటా?" అంది. అడ్డూ అదుపూ లేని నవ్వులు. కళ ఆ మాటని ఇంగ్లీషులోకి మార్చి చెబితే సుమేధ గారు కూడా నవ్వారు. తర్వాత ఆవిడ చెప్పినదాన్ని కళ ఒక్కో మాటా ఆగి ఆగి పలికింది.

"గరిటతో పాటు నిర్ణయం కూడా. ఈ కాలపు ఆడదానికి జీతం ఉంది, ఫోను ఉంది, చదువు ఉంది. వాటితో ఏం చెయ్యాలో చెప్పే మాట కూడా ఆమెదే అయినప్పుడే అధికారం ఇచ్చినట్టు."

"మరి ఆడవాళ్ల డ్యూటీలు చెప్పలేదా ఆయన?" వెనక నుంచి ఒక మగగొంతు.

"చెప్పాడు, అవీ ఐదే. ఇంటిపని చక్కబెట్టుకోవటం, చుట్టపక్కాల్ని ఆదరించటం, నమ్మకం తప్పకపోవటం, సంపాదన కాపాడటం, బద్ధకం లేకుండా ఉండటం."

"అయ్యన్నీ పొద్దున్న బస్సెక్కేలోగా అయిపోతాయి గదా!" అంది గవరమ్మ. మళ్లీ చప్పట్లు.

కళకి ఒళ్లంతా ఏదో జరజరా పాకుతున్నట్టుంది. ఒక భాషలో విన్న మాట తన లోపల తిరిగి, తన ఊరి మాటై బయటికొస్తుంటే, అది తనకే కొత్తగా వినిపిస్తోంది. సుమేధ గారు మైత్రి గురించి చెప్పారు. "అందరూ సుఖంగా ఉండాలని కోరుకునే ముందు, నేను సుఖంగా ఉండాలని కోరుకోవాలి. అది స్వార్థం కాదు, మొదటి మెట్టు. మీరు మొగుడికీ పిల్లలకీ అత్తకీ అందరికీ దణ్ణం పెడతారు. ఆ వరసలో మీరెక్కడున్నారు?" గవరమ్మ వేళ్ల మీద లెక్కపెట్టింది. "ప్రేమకి ఒక దొంగచుట్టం ఉంది. చూడ్డానికి అచ్చం ప్రేమలాగే ఉంటుంది. దాని పేరు పట్టు. ప్రేమ 'నువ్వు బాగుండాలి' అంటుంది. పట్టు 'నా కళ్లముందే బాగుండాలి' అంటుంది."

వాసుదేవ్ తలెత్తలేదు.

అప్పుడు గవరమ్మ మళ్లీ లేచింది. ఈసారి ముఖంలో నవ్వు లేదు. "నాదొక ప్రశ్న. కోరికే దుక్కం అన్నాడు గదా బుద్ధుడు. మా ఇళ్లల్లో ఏటి అడిగినా, నీకు కోరికలెక్కువైపోనాయి అంటారు. మరి ఆడది ఏటీ కోరుకోకూడదా?"

సుమేధ గారు కుర్చీలో ముందుకి వంగారు. కళ ఆ మాటల వెంట పరిగెత్తింది.

"తృష్ణ వేరు, ఛందం వేరు. తృష్ణ దాహం. ఎంత తాగినా ఇంకా కావాలంటుంది. ఛందం అంటే ఒక మంచిపని చెయ్యాలనే ఉత్సాహం. ఆ ఉత్సాహం లేకపోతే బుద్ధుడు ఇల్లు కదిలేవాడే కాదు. దాన్ని చంపుకోమని ఆయన ఎవరికీ చెప్పలేదు."

తర్వాత భిక్షుణి గారు ఒక ఉదాహరణ చెప్పారు. ఒక తల్లి, పెళ్లయిన ఇన్నేళ్లకి వయొలిన్ నేర్చుకోవాలనుకుంటే అది తృష్ణ కాదు అని. కళ ఆ మాట అందుకోవటానికి నోరు తెరిచింది. వయొలిన్ రాలేదు.

"ఒక టీచరమ్మ," అంది కళ, "సముద్రంలోకి దిగి పగడాలు చూడాలనుకుంటే అది తృష్ణ కాదు. ఆమె బదులు ఫోనెత్తి 'వద్దు' అని చెప్పే హక్కు, ఎంత ప్రేమ ఉన్నవాడికైనా లేదు."

ఆడవాళ్లు హోరుమని చప్పట్లు కొట్టారు. పింకీ మాత్రం నోటిమీద చెయ్యి వేసుకుంది. వాసుదేవ్ చటుక్కున తలెత్తాడు. హాల్లో చాలామందికి అది భిక్షుణి గారి మాటే. ఇంగ్లీషు అర్థమైన తండ్రీకూతుళ్లకీ, మాస్టారికీ అది ఎవరి మాటో తెలుసు.

చప్పట్లు ఇంకా ఆగలేదు. ఇలాగే వదిలేస్తే ఇంకెవరికీ తెలియదు. కానీ కాస్త ముందు కళ ఇదే మైకులో, ఇదే గొంతుతో 'అబద్ధమాడను' అని అందరిచేతా చెప్పించింది. ఇప్పుడు భిక్షుణి గారి పెద్దరికం చాటున తన మాటని దాటించేసింది.

"ఆగండి," అంది. చప్పట్లు ఆగాయి. "అమ్మగారు ఆ మాట అనలేదు. ఆవిడ వయొలిన్ గురించి చెప్పారు. ఆ చివరి మాట నాది."

ఏం జరుగుతోందో సుమేధ గారికి అర్థం కాలేదు. పింకీ పరుగున వేదికెక్కి, ఆవిడ చెవిలో గబగబా ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ ముఖం ఒక్క క్షణం కఠినమైంది. కళ తల దించుకుని, "క్షమించండి," అంది.

"నా నోటితో నీ మాట చెప్పకు," అన్నారు ఆవిడ మెల్లగా. "నీకు నోరుంది కదా." మైకు కళ వైపు ఇంకొంచెం జరిపి, కుర్చీలో వెనక్కి వాలి చేతులు కట్టుకున్నారు.

కళ చెప్పింది. భర్తని నిందించలేదు. ఫోన్ వచ్చిన సంగతి, అవకాశం పోయిన సంగతి, నల్లబల్ల మీద పగడాల సంగతి చెప్పింది. "మా ఆయన నాకు అన్నీ చూసిపెడతారు. నాకు మాత్రం నేను చూసుకోవాలని ఉంది," అని ముగించి కూర్చుంది.

అందరి కళ్లూ వాసుదేవ్ మీద పడ్డాయి. కార్యదర్శిగా వందన సమర్పణ చెయ్యవలసింది ఆయనే. లేచి నిలబడ్డాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు. "ఇది... ఇంట్లో మాట్లాడుకునే విషయం," అన్నాడు.

"ఇంట్లో మాటాడితే నువ్వు గదరా ఫోనెత్తేస్తావు!" అంది తవిటమ్మ.

ఎవరూ నవ్వలేదు. ఆవిడ లేచి కొడుకు ముందుకి వచ్చింది.

"అమ్మా, నీకు తెలీదా? నాన్న..." అన్నాడు వాసుదేవ్. వాళ్ల నాన్న వేటకి వెళ్లిన పడవ గాలివానలో తలకిందులైంది. ఆ రోజు నుంచి, ఈతలో ఊళ్లో పిల్లలందరినీ ఓడించిన వాసుదేవ్ సముద్రంలో కాలు పెట్టలేదు. "నాకు భయం. అంతే. ఇంకేం లేదు. తను నీళ్లలోకి దిగుతుందంటే నాకు ఊపిరాడదు."

"నాకు మాత్రం బయం నేదేటి? నీ బాబుని తీసుకుపోనాది ఆ సముద్రమే. ఆ సముద్రం చేపలే నెత్తిన పెట్టుకుని అబర్డీన్ బజార్లో అమ్మీసి నిన్ను చదివించినాను. బయపడి ఇంట్లో కూకుంటే నువ్వు ఆఫీసరయ్యేవోడివా?" తవిటమ్మ కొడుకు భుజం మీద చెయ్యి వేసింది. "నీ బయం నువ్వు మొయ్యరా. దాని నెత్తిన పెట్టకు."

వాసుదేవ్ కళ దగ్గరికి నడిచాడు. మైకు లేకుండానే, కళకి మాత్రమే వినబడేలా అడిగాడు. "ఆ నంబరు నీ దగ్గరుందా?"

"ఉంది."

"అయితే నువ్వే చెయ్యి."

వందన సమర్పణ భూషణం మాస్టారు చేశాడు, గొంతు లేకుండా, చేతులు జోడించి.

హాలు బయట మెట్ల మీద కళ ఫోన్ చేసింది. చుట్టూ ఆడవాళ్లు గుమిగూడారు. గవరమ్మ "స్పీకర్లో పెట్టు, స్పీకర్లో పెట్టు" అని మోచేత్తో పొడుస్తోంది. నీల్‌లో ఆ శిక్షణ చూసే అమ్మాయి పేరు ప్రమోద.

"ప్రమోద గారూ, నేను కళని. పోర్ట్ బ్లెయిర్ నుంచి. మొన్న మీకు మా ఇంటి నుంచి... ఆ సీటు ఇంకెవరికైనా ఇచ్చేశారా?"

"అరే దీదీ! ఇవ్వలేదు. ఇంకో ఇద్దరు అడిగారు కూడా."

"మరి?"

"మీ నోటితో మీరు వద్దనలేదు కదా. ఈ ఆదివారం దాకా చూద్దామనుకున్నాను. ఇవాళ నేనే చేద్దామనుకుంటున్నాను." మెట్ల మీద కేకలు చెలరేగాయి. "ఏంటి దీదీ ఆ గోల? సరే గానీ, ఈత వచ్చు కదా? ఇక్కడికొచ్చాక ముందు ఈత పరీక్ష ఉంటుంది."

కేకలు ఆగిపోయాయి. కళ ముఖం పాలిపోయింది. ఈత సంగతి ఆమెకి తట్టనే లేదు.

"వచ్చేస్తుంది," అన్నాడు వెనక నిలబడ్డ వాసుదేవ్. అని నాలుక కరుచుకున్నాడు. "సారీ. నువ్వే చెప్పు."

కళ ఆయన్ని చూసింది. "ఇప్పటికి రాదు," అంది ఫోన్లో. "అక్కడికి వచ్చేలోగా నేర్చుకుంటాను."

మర్నాడు పొద్దున్నే ఈత నేర్చుకోవటానికి అందరూ ఇంటి దగ్గరి బీచ్‌కి వెళ్లారు. కళ కూతురి ట్రాక్‌ప్యాంటు వేసుకుంది. తవిటమ్మ ఒడ్డున తువ్వాలు పట్టుకుని కూర్చుంది. వాసుదేవ్ అల అంచు దాకా వచ్చి ఆగిపోయాడు. నీళ్లు పాదాలని తాకగానే వెనక్కి అడుగు వేశాడు. మళ్లీ వచ్చాడు. మళ్లీ వెనక్కి. కళ చెయ్యి చాచింది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని, కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ నడుం లోతు దాకా నడిచాడు. ఎవరు ఎవరిని పట్టుకుని తీసుకెళ్తున్నారో ఒడ్డున ఉన్నవాళ్లకి తెలియలేదు.

ఒక పెద్ద అల వచ్చింది. ఇద్దరూ మునిగి, తేలి, దగ్గుతూ లేచారు. వాసుదేవ్ ముఖం మీద ఉన్నది ఉప్పునీళ్లో కన్నీళ్లో కళకి అర్థం కాలేదు. ఉన్నట్టుండి ఆయన గట్టిగా నవ్వాడు. "అరే యార్! మర్చిపోలేదు! ఒంటికి గుర్తుంది!" అంటూ చేప పిల్లలా నీళ్లలోకి దూకి, అంత దూరాన తేలాడు. ఒడ్డున తవిటమ్మ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

నేర్పటంలో ఆయన మంచి మాస్టారు. "వెల్లకిలా పడుకో. బిగుసుకోకు. బిగుసుకుంటే మునుగుతావు." వీపు కింద చెయ్యి పెట్టి ఎంతసేపైనా నిలబడేవాడు. కళ మొదట్లో రాయిలా మునిగింది. ముక్కులోకి, చెవుల్లోకి నీళ్లు పోయి స్కూల్లో పాఠం మధ్యలో తుమ్ములొచ్చేవి. పిల్లలు నవ్వేవారు. తనూ నవ్వేది. ఒకరోజు నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి.

"చెయ్యి తియ్యనా?" అడిగాడు వాసుదేవ్.

"తీసెయ్యండి."

తీశాడు. ఆమె మునగలేదు. పైన ఆకాశం, కింద అంత సముద్రం, మధ్యలో తను. చేతులు కదిపింది. కదిలింది. తలెత్తి చూసేసరికి వాసుదేవ్ తనకి దూరంగా, నడుం లోతులో, రెండు చేతులూ గాల్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పట్టుకోవాలని ఆ చేతులు ముందుకొస్తున్నాయి, ఆయన వెనక్కి లాక్కుంటున్నాడు.

నీల్‌కి వెళ్లే ఫెర్రీ దగ్గరికి గవరమ్మతో సహా బ్రూక్షాబాద్ ఆడవాళ్లు సగం మంది వచ్చారు. అక్కడ ఈత పరీక్షలో కళ అందరికన్నా నెమ్మదిగా ఈదింది, కానీ ఒడ్డు చేరింది. ఆ తర్వాత కొన్నాళ్లు సిలిండరు వాడకం, మాస్కులో నీళ్లు చేరితే ఊదటం, చేతి సైగలు. చివరికి ఒక ఉదయం ప్రమోద ఆమెని పడవ అంచు మీద కూర్చోబెట్టి, దిగమన్నట్టు బొటనవేలు కిందికి చూపించింది.

కళ దిగింది.

మొదట తన ఊపిరి శబ్దం తప్ప ఏమీ లేదు. లోపలికి, బయటికి. బుడగలు చెంపల పక్కనుంచి పైకి పోతున్నాయి. తర్వాత నీలం విచ్చుకుంది. కొమ్ములు కొమ్ములుగా గోధుమరంగు పగడాలు, గుమ్మడిపండంత గుండ్రటివి, చాపలా పరుచుకున్నవి. వాటి సందుల్లోంచి పసుపు చారల చేపల గుంపు బయటికొచ్చి, ఆమెని చూసి, పెద్దగా పట్టించుకోకుండా దారి మళ్లింది. ఒక నారింజరంగు చేప మాత్రం తన ఇంటి ముందు నిలబడి, పొమ్మన్నట్టు ఆమె మీదికి దూసుకొచ్చింది. కళ నీళ్లలోనే నవ్వింది. మాస్కులోకి నీళ్లు వచ్చాయి. నేర్పినట్టే ఊది బయటికి పంపింది.

పడవ ఎక్కగానే తడి చేతులతోనే ఇంటికి ఫోన్ చేసింది. ఎత్తింది తవిటమ్మ.

"చూసినావా? ఏటున్నాయి? చేపలున్నాయా?"

"అబ్బో అత్తమ్మా, ఎన్నో!"

"ఏ చేపలు? గొరకలున్నాయా? వంజరం ఉన్నాదా?"

"వండుకునేవి కాదు అత్తమ్మా, చూసేవి!"

"చూసేదానికి నానూ రావాలి గదే మరి! వాసూ, ఒరే వాసూ, నాకు టికెట్టు తియ్యి!" వెనకనుంచి వాసుదేవ్ ఏదో అంటున్నాడు, పింకీ అరుస్తోంది, ఫోను చేతులు మారుతోంది, ఎవరి మాటా పూర్తిగా వినబడటం లేదు. ఇటు పడవలో ప్రమోద కొత్త సిలిండరు బిగిస్తూ, "దీదీ, రెండో డైవ్! రెడీ?" అని కేక వేసింది.

"ఉంటాను, ఉంటాను, మళ్లీ దిగాలి!" అని కళ ఫోన్ పెట్టేసి, మాస్కు కళ్ల మీదికి లాక్కుంది.